నూకల లాగర్, గోధుమ బీరు: ట్యాంకు నిండిన రోజు నుంచి 56 రోజులు

బ్రూవరీ బెజవాడలో పటమట వైపు ఉంది. బీరు కాచే పాత్ర, అంటే కెటిల్, 500 లీటర్లది. పులియబెట్టే ట్యాంకులు నాలుగు, సర్వింగ్ ట్యాంకులు రెండు. ట్యాంకులన్నీ కింద, బార్ పైన డాబా మీద. కింద నుంచి పైకి 18 మీటర్ల బీరు లైను. తాగేవాళ్ల ఫిర్యాదు ఒక్కటే: మొదటి వారం బీరు, నాలుగో వారం బీరు ఒకటి కావు. కాచేవాళ్ల జవాబూ ఒక్కటే: ట్యాంకు అదే, బీరు అదే, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎవరి మాట నిజమో తేల్చడానికి రెండు బీర్లను ఎంచుకుని ఎనిమిది వారాలు వెంటపడి రాసిన లెక్క ఇది. రోజులన్నీ బీరు సర్వింగ్ ట్యాంకులోకి వచ్చిన రోజు నుంచి.

కాచినవి

గోధుమ బీరు: గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) 55 కిలోలు, పిల్స్‌నర్ మాల్ట్ (లేత రంగు బార్లీది) 50 కిలోలు. మొదటి గ్రావిటీ (నీళ్లతో పోల్చిన సాంద్రత) 1.050, చివరిది 1.012, ఆల్కహాలు 5 శాతం. 19 డిగ్రీల దగ్గర పులిసింది. అరటిపండు వాసన, వెనకాల కాస్త లవంగం. రెండూ ఈస్ట్ ఇచ్చినవే, బయట నుంచి వేసిందేమీ లేదు.

నూకల లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులిసే తేట బీరు): పిల్స్‌నర్ మాల్ట్ 72 కిలోలు, సాంబ మసూరి నూకలు 24 కిలోలు. బాపట్ల రకం బీపీటీ 5204 నూకలే, కిరాణా హోల్‌సేల్‌లో దొరికేవి. బియ్యంలోని పిండి ఉడకాలంటే 70 డిగ్రీలు దాటాలి. మాల్ట్ ఎంజైములకేమో 65 దగ్గర హాయి. అందుకని నూకలను విడిగా కాచాలి. 24 కిలోల నూకలకు 5 కిలోల మాల్ట్, 90 లీటర్ల నీళ్లు కలిపి 70 దగ్గర పావుగంట ఆపి, ఆ తర్వాత అరగంట మరిగించాం. ఆ 5 కిలోల మాల్ట్ మానేస్తే అది గంజి కాదు, సంకటి అవుతుంది, అడుగంటుతుంది. మిగతా 67 కిలోల మాల్ట్‌ను 200 లీటర్ల నీళ్లలో 52 డిగ్రీల దగ్గర నానబెట్టి, మరుగుతున్న గంజిని దాంట్లో పోస్తే మొత్తం 65–66కి వచ్చి ఆగింది. అక్కడ గంట. మొదటి గ్రావిటీ 1.046, చివరిది 1.009.

ఈ లాగర్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. బియ్యం బీరులో దాక్కోవడానికి చోటు లేదు. మాల్ట్ రుచి పలుచన, చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ పువ్వులు తక్కువ. ఏ చిన్న తప్పు జరిగినా నాలుకకు వెంటనే తగులుతుంది. పైగా బియ్యం నుంచి ఈస్ట్‌కు అందే అమైనో ఆమ్లాలు తక్కువ. అందులో వాలీన్ అనేది తగ్గితే వెన్న వాసన కలిగించే డైఅసిటైల్ పెరుగుతుంది. అందుకే గ్రావిటీ 1.016కి దిగగానే 12 డిగ్రీల నుంచి 16కి పెంచి మూడు రోజులు వదిలేశాం. ఈస్ట్ తాను చేసిన డైఅసిటైల్‌ను తానే తినేస్తుంది, కాకపోతే దానికి కాస్త వెచ్చదనం కావాలి. ఆ తర్వాతే చల్లబరచడం.

నీళ్లు కృష్ణ నీళ్లే, కుళాయివి, క్లోరిన్ కలిపినవి. ముందు కార్బన్ ఫిల్టర్, తర్వాత ఆర్‌ఓ. ఆర్‌ఓ నీళ్లలో కాల్షియం ఉండదు గనక 750 లీటర్లకు 100 గ్రాముల కాల్షియం క్లోరైడ్, 50 గ్రాముల జిప్సం కలిపాం. కాల్షియం 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాములు) దగ్గరికి వస్తుంది. కార్బన్ ఎప్పుడు అయిపోతుందో కంటికి కనపడదు. కాచే రోజు పొద్దున్నే ఫిల్టర్ దాటిన నీళ్లలో క్లోరిన్ చుక్కల మందు వేసి చూడాలి, పసుపు తిరిగితే ఆ నీళ్లు పనికిరావు. క్లోరిన్ దాటుకుని వస్తే బీరుకు ఆసుపత్రి వాసన పడుతుంది. అది పడ్డాక పోదు.

0వ రోజు

రెండు బీర్లూ 2 డిగ్రీల దగ్గర సర్వింగ్ ట్యాంకుల్లో ఉన్నాయి. లాగర్‌కు గ్యాస్ ప్రెషర్ 10 పీఎస్‌ఐ. ఆ చలికి అది సుమారు రెండున్నర వాల్యూముల కార్బన్ డయాక్సైడ్, అంటే లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగినట్టు. గోధుమ బీరుకు ఇంకాస్త ఎక్కువ.

ఒక్కో బీరు మూడు చోట్ల నుంచి చూస్తాం: ట్యాంకు పక్కనుండే శాంపిల్ వాల్వు, పైన బార్ ట్యాపు, సీసాలు. సీసాలు పరీక్షకే, అమ్మకానికి కాదు. 650 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాలు, బీరుకు 24. అందులో 12 సీసాల్లో ముందు కార్బన్ డయాక్సైడ్ నింపి, గాలిని తోసేసి, అప్పుడు బీరు పట్టి, నురగ మూతి దాకా పొంగాక దాని మీదే మూత బిగించాం. మిగతా 12 ఊరికే ట్యాపు కింద పట్టి మూత వేశాం. ఇంటికి పట్టుకెళ్లేవాళ్లకు పోసిచ్చినట్టు.

ఈ రెండో పద్ధతిలో జరిగేదేమిటో లెక్క వేసుకుంటే భయం పుడుతుంది. సీసా మెడలో 30 మిల్లీలీటర్ల గాలి మిగిలిందనుకుందాం. అందులో ఆక్సిజన్ 6 మిల్లీలీటర్ల పైచిలుకు, బరువులో 8 మిల్లీగ్రాములు. దాన్ని 650 మిల్లీలీటర్ల బీరుకు పంచితే లీటరుకు 12 మిల్లీగ్రాములు, అంటే 12 పీపీఎం. మంచి బ్రూవరీలు సీసా మొత్తానికి పెట్టుకునే హద్దు 0.1 పీపీఎం. నూట ఇరవై రెట్లు! నురగ మీద మూత వేయడమన్నది షోకు కాదు, ఆ 30 మిల్లీలీటర్లను బయటికి నెట్టే పని.

సీసాలను మూడు చోట్ల పెట్టాం: 3 డిగ్రీల కోల్డ్ రూము, 22 డిగ్రీల ఏసీ గది, ఏసీ లేని స్టోరు. స్టోరులో థర్మామీటరు పగలు 34–38 చూపిస్తోంది. మే నెల, బెజవాడ. ఇంతకంటే వివరం అక్కర్లేదు.

కొలతలకు హైడ్రోమీటరు, పీహెచ్ మీటరు, స్టాప్‌వాచ్, తొమ్మిది మంది ముక్కులు. కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే మీటరు లేదు, దాని ఖరీదు ఈ బ్రూవరీ స్థాయికి ఎక్కువ. హైడ్రోమీటరు 20 డిగ్రీలకు తయారైంది. ఇక్కడ గదిలో శాంపిల్ 30 డిగ్రీలు ఉంటుంది గనక చూసిన అంకెకు 0.002–0.003 కలపాలి. ఇది మర్చిపోయి "చివరి గ్రావిటీ ఇంకా దిగుతోంది" అని కంగారుపడటం ఎండాకాలంలో మామూలే. పీహెచ్ చూసేముందు బీరును రెండు గ్లాసుల మధ్య బాగా తిరగపోసి గ్యాస్ పోగొట్టాలి.

రుచి చూడటం పొద్దున పదకొండింటికి, భోజనానికి ముందు. మధ్యాహ్నం ఆవకాయ తిన్న నోటికి పేపర్ వాసన, వెన్న వాసన అన్నీ ఒకటే.

మొదటి రోజు అంకెలు: గోధుమ బీరు పీహెచ్ 4.3, లాగర్ 4.4. రెండూ శుభ్రంగా ఉన్నాయి.

3వ రోజు

స్టోరులో పెట్టిన సీసాలను తొలిసారి తెరిచాం. బీరువాళ్లలో 3-30-300 అని ఒక లెక్క వాడుకలో ఉంది: 32 డిగ్రీల దగ్గర 3 రోజులు, 22 దగ్గర 30 రోజులు, 3 దగ్గర 300 రోజులు బీరును ఒకే మోతాదులో ముసలిదాన్ని చేస్తాయని. ఖచ్చితమైన సూత్రం కాదు, చేతి లెక్క. మన స్టోరు 32 కంటే వేడి గనక మూడు రోజులకే ఏదో కనపడాలి.

కనపడింది. ఊరికే పట్టిన లాగర్‌లో హాప్స్ వాసన పోయింది, తేనె లాంటి తీపి వాసన వచ్చింది. ఇది తొలిమెట్టు. కొత్తవాళ్లకు ఈ తేనె వాసన నచ్చుతుంది కూడా, "కమ్మగా ఉంది" అంటారు. ఆ కమ్మదనం ఆక్సిజన్‌ది. గ్యాస్ నింపి పట్టిన సీసాలో ఆ వాసన లేదు, కాకపోతే చేదు కొంచెం మొద్దుబారింది.

గోధుమ బీరులో రెండు సీసాలకూ తేడా తక్కువ. సీసాలో ఉన్న ఈస్ట్ కొంత ఆక్సిజన్‌ను తానే పీల్చుకుంటుంది. లాగర్‌లో ఈస్ట్ అప్పటికే అడుక్కు దిగిపోయింది, ఆ కాపలా లేదు.

10వ రోజు

గోధుమ బీరు మీద బార్ నుంచి మాట వచ్చింది: పలచగా, తేటగా వస్తోందట. శాంపిల్ వాల్వు దగ్గర చూస్తే అక్కడా తేటే. చెడిపోవడం కాదిది, ఈస్ట్ మడ్డి దిగిపోవడం. ఈ బీరుకు ఒళ్లు, కొంత రుచి ఆ మబ్బులోనే ఉంటాయి. మొదటి రోజుల గ్లాసులకు మడ్డి ఎక్కువ, తర్వాతి వాటికి అసలు లేదు. ట్యాంకు అడుగున్న స్టోన్ (గ్యాస్‌ను సన్నటి బుడగలుగా వదిలే సూక్ష్మరంధ్రాల ముక్క) గుండా 30 సెకన్లు గ్యాస్ వదిలితే మడ్డి పైకి లేచి మళ్లీ కలిసింది. రోజూ షాపు తెరిచేముందు ఇది చేయాలి. అయితే ముందు ట్యాంకు పైన ప్రెషర్ రెండు పీఎస్‌ఐ దించుకోవాలి, లేదంటే వదిలిన గ్యాసంతా బీరులో కరిగి వారం తిరిగేసరికి ట్యాపు నురగే కక్కుతుంది.

సీసాలు: స్టోరులో ఊరికే పట్టిన లాగర్ ఇప్పుడు తడిసిన అట్టపెట్టె వాసన. ఇది ట్రాన్స్-2-నొనెనాల్ అనే పదార్థం పని. నూరు కోట్ల వంతుల్లో ఒక వంతు, అందులోనూ పదో వంతు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. రంగు కూడా ఒక ఛాయ ముదిరింది. మూడు గ్లాసులు వరసగా తెల్ల కాగితం ముందు పెడితే ఎవరికైనా కనిపిస్తుంది.

17వ రోజు

సాయంత్రం నాలుగు గంటలు కరెంటు లేదు. ట్యాంకులనూ లైనునూ చల్లబరిచే గ్లైకాల్ చిల్లర్ జనరేటరు మీద లేదు, లైట్లు, వంటగదే ఉన్నాయి. ట్యాంకులు 2 నుంచి 3.5కి వచ్చాయి. ఇన్సులేషన్ ఉంది గనక బీరుకు పెద్ద నష్టం లేదు. లైనుకు మాత్రం ఉంది. 18 మీటర్ల గొట్టం డాబా కింద సీలింగు లోపల నుంచి పోతుంది. చల్లటి గ్లైకాల్ తిరగకపోతే అందులో నిలిచిన బీరు గంటలో గది వేడికి వచ్చేస్తుంది. గొట్టం లోపలి వ్యాసం 9.5 మిల్లీమీటర్లు, మీటరుకు 71 మిల్లీలీటర్లు పడుతుంది. 18 మీటర్లకు లీటరుం పావు పైన. ఆ రాత్రి మొదట వచ్చిన లీటరున్నర పారబోశారు. సరైన పనే.

23వ రోజు

బార్ ట్యాపు నుంచి వచ్చిన లాగర్‌లో వెన్న కాచేటప్పటి వాసన. కొంచెం కాదు, గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే.

కింద కాచేవాళ్ల మొదటి అనుమానం ట్యాంకు మీదే పోయింది. 16 డిగ్రీల దగ్గర మూడు రోజులు చాల్లేదేమో, ఇంకా మిగిలిన ముడిపదార్థం ఇప్పుడు డైఅసిటైల్‌గా మారుతోందేమో అని. తప్పు అనుమానమేమీ కాదు, లాగర్‌లో ఇది తరచూ జరిగేదే. పోల్చి చూడకుండా ట్యాంకు మొత్తం వేడి చేయడానికి సిద్ధపడటం మాత్రం తప్పు.

24వ రోజు

పొద్దున్నే రెండు పరీక్షలు చేశాం.

ఒకటి: శాంపిల్ వాల్వు మూతిని స్పిరిట్‌తో కాల్చి, మొదటి వంద మిల్లీలీటర్లు వదిలేసి, తర్వాతది రెండు గాజు సీసాల్లో పట్టాం. ఒక దానికి మూత వదులుగా పెట్టి 65 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, చల్లారబెట్టాం. రెండోది అలాగే ఫ్రిజ్‌లో. రెండింటినీ ఒకే చల్లదనానికి తెచ్చి వాసన చూశాం. వేడి చేసినదాంట్లో వెన్న వచ్చి, చేయనిదాంట్లో రాకపోతే ముడిపదార్థం మిగిలి ఉన్నట్టు. రెండింట్లోనూ ఉంటే ట్యాంకులోనే డైఅసిటైల్ ఉన్నట్టు. రెండింట్లోనూ రాలేదు. ట్యాంకు నిర్దోషి.

రెండోది: పైన ట్యాపు తిప్పి మొదటి గ్లాసు, అయిదో గ్లాసు, పదో గ్లాసు విడివిడిగా పట్టాం. మొదటి దాంట్లో వెన్న, దాని వెనక తరవాణి లాంటి పులుపు. పీహెచ్ 4.1. అయిదో దాంట్లో కొంచెం. పదో దాంట్లో లేదు, పీహెచ్ 4.4. గ్లాసుకు 330 మిల్లీలీటర్లు. నాలుగో గ్లాసు దాటేసరికి లైనులో రాత్రంతా నిలిచిన బీరు అయిపోయి ట్యాంకు బీరు వస్తోంది. వాసన ఎక్కడ పుడుతోందో ఇంతకంటే స్పష్టంగా ఇంకే పరికరమూ చెప్పదు.

లైను గోడల మీద పట్టిన జిగురు పొరలో పీడియోకాకస్ లాంటి బాక్టీరియా కాపురం పెడుతుంది. వాటికి హాప్స్ చేదంటే పెద్ద లెక్క లేదు, ఆక్సిజన్ అక్కర్లేదు, డైఅసిటైల్‌నూ లాక్టిక్ యాసిడ్‌నూ వదులుతాయి. ట్యాపు మూతి దగ్గర గాలి తగులుతుంది గనక అక్కడ వెనిగర్ చేసే బాక్టీరియా చేరుతుంది. ట్యాపు విప్పితే లోపల వేలికి జారుడుగా, బూడిద రంగు పొర. పుస్తకంలో చూస్తే కిందటి కడుగుడు 31 రోజుల క్రితం. రెండు వారాలకోసారి అన్నది నియమం. ఇక్కడ అంతకు రెట్టింపు రోజులు దాటిపోయాయి.

25వ రోజు

లైను కడిగిన తీరు వివరంగా, ఎందుకంటే "కడిగాం" అన్న మాటకు ఒక్కొక్కరికి ఒక్కో అర్థం ఉంది.

ముందు బీరు తోసేసి గోరువెచ్చటి నీళ్లు. తర్వాత 10 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల కాస్టిక్ సోడా, అంటే 2 శాతం. నీళ్లలోకి కాస్టిక్ కొంచెం కొంచెంగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఉడికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, మోచేతి దాకా గ్లవ్స్ లేకుండా బకెట్ దగ్గరికి పోవద్దు. ద్రావణం 35–40 డిగ్రీలు ఉండాలి. చిన్న పంపు పెట్టి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల చొప్పున 15 నిమిషాలు తిప్పాం. పంపు లేనివాళ్లు లైను నింపి 20 నిమిషాలు నిలబెడతారు. అది లేనిదానికంటే మేలు, అంతే. జిగురు పొరను కరిగించడం సగమే, ఒరిపిడితో లేపడం మిగతా సగం.

వచ్చిన ద్రావణం టీ రంగులో ఉంది. రెండోసారి కొత్త ద్రావణంతో మళ్లీ తిప్పితే తేటగా వచ్చింది. ఆ తర్వాత నీళ్లు, లైను నుంచి వచ్చే నీటి పీహెచ్ కుళాయి నీటితో సమానం అయ్యేదాకా. ట్యాపు, లైనును ట్యాంకుకు కలిపే కప్లర్ పూర్తిగా విప్పి బ్రష్‌తో రుద్ది, వాషర్లు మార్చాం. ట్యాపు విప్పకుండా లైనులోంచే కాస్టిక్ పంపి ఊరుకుంటే ఆ వెనిగర్ పొర అక్కడే ఉంటుంది.

గట్టిపడిన బీరు రాయి, అంటే కాల్షియం ఆక్సలేట్, కాస్టిక్‌కు లొంగదు. దానికి మూడు నెలలకోసారి యాసిడ్ క్లీనర్ వాడాలి. యాసిడ్‌నూ క్లోరిన్ బ్లీచింగ్‌నూ ఒకే రోజు ఒకే బకెట్ దగ్గర పెట్టొద్దు, కలిస్తే విషవాయువు.

సాయంత్రం మొదటి గ్లాసు, పదో గ్లాసు ఒక్కటే.

30వ రోజు

త్రిభుజ పరీక్ష. మూడు గ్లాసుల్లో రెండు ఒకే బీరు, ఒకటి వేరు. వేరైనదాన్ని పట్టాలి. గ్లాసుల మీద మూడంకెల కోడ్లు, ఒక్కోదాంట్లో 60 మిల్లీలీటర్లు, 8 డిగ్రీల దగ్గర. తొమ్మిది మందిలో కనీసం ఆరుగురు సరిగ్గా పట్టుకుంటేనే తేడా ఉందని లెక్క, అంతకు తక్కువైతే అదృష్టం కింద జమ.

స్టోరు లాగర్, కోల్డ్ రూము లాగర్: తొమ్మిదికి తొమ్మిది. దీనికి పరీక్ష కూడా దండగ.

కోల్డ్ రూములోనే ఉన్న రెండు రకాల సీసాలు, గ్యాస్ నింపినది, ఊరికే పట్టినది: ఆరుగురు. అంచుమీద గట్టెక్కింది. 3 డిగ్రీల చలి 12 పీపీఎం ఆక్సిజన్‌ను నెలరోజులు ఆపలేదు గానీ చాలా నెమ్మది చేసింది. అదే ఊరికే పట్టిన సీసా 22 డిగ్రీల గదిలో అట్టపెట్టె వాసనకు వచ్చేసింది.

ట్యాంకులోని నెల వయసు గోధుమ బీరు, ఆ వారమే తయారైన కొత్త గోధుమ బీరు: ఏడుగురు. పాతదాంట్లో అరటిపండు బాగా తగ్గింది, రొట్టె వాసన పైకి వచ్చింది. పీహెచ్ అదే 4.3, గ్రావిటీ అదే 1.012, పులుపు లేదు. చెడలేదు, వాడిపోయింది. అరటి వాసననిచ్చే ఐసోఅమైల్ అసిటేట్‌ను ఈస్ట్ ఎంజైములే నెమ్మదిగా విడగొడతాయి, చలిలో కూడా. దీనికి కడగడం, గ్యాస్, ప్రెషర్ ఏవీ మందు కాదు. గోధుమ బీరును మూడు వారాల్లో అమ్ముకోగలిగినంతే కాచాలి. రోజుకు 15 లీటర్లే పోతుంటే 500 లీటర్లు కాయడం దండగ, సగం బ్యాచ్ చాలు.

36వ రోజు

రెండు చిన్న సంగతులు. డాబా మీద ఎండ పడే బల్ల దగ్గర గ్లాసులో పోసిన బీరు పది నిమిషాల్లో కాలిన రబ్బరు కంపు కొట్టింది. వెలుతురు తగిలి హాప్స్ చేదు పదార్థం విరిగి గంధకపు సమ్మేళనం పుట్టడం వల్ల ఇది జరుగుతుంది. గోధుమరంగు సీసా దీన్ని ఆపుతుంది, గ్లాసు ఆపదు. ఆ బల్ల మీద తెర వేయడం తప్ప చేసేదేమీ లేదు.

రెండోది నురగ. లాగర్ నురగ ఒక బల్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడి, పక్క బల్ల దగ్గర అరనిమిషానికే చచ్చిపోతోంది. బీరు ఒకటే కదా మరి? గ్లాసులను చికెన్ పకోడీ ప్లేట్లతో కలిపి ఒకే తొట్టిలో కడుగుతున్నారు. తడి గ్లాసులో ఉప్పు చల్లి చూస్తే శుభ్రమైన చోట అంటుకుంది, నూనె పొర ఉన్నచోట జారిపోయింది. గ్లాసులకు వేరే తొట్టి పెట్టగానే గొడవ తీరింది.

44వ రోజు

కొత్త లాగర్‌ను పులిసిన ట్యాంకు నుంచి సర్వింగ్ ట్యాంకుకు మారుస్తుంటే సైట్ గ్లాసులో (గొట్టం మధ్యలో బీరు కనపడే గాజు ముక్క) సన్నటి బుడగల వరస. గ్యాస్ బుడగలేమో అనుకుని వదిలేయడం తేలిక. కానీ బీరు 1 డిగ్రీ దగ్గర ప్రెషర్‌లో ఉంది, గ్యాస్ విడిపోవడానికి కారణం లేదు. పంపు ఆపి, పంపు లాగే వైపున్న క్లాంప్ విప్పితే గ్యాస్కెట్ అంచు తెగి ఉంది.

ఇది ఎందుకు దొరకదంటే, పంపు తోసే వైపు గ్యాస్కెట్ తెగితే బీరు కారుతుంది, అందరికీ కనిపిస్తుంది. లాగే వైపు తెగితే చుక్క కూడా కారదు, గాలిని లోపలికి పీలుస్తుంది. నేల పొడిగా ఉంటుంది, 500 లీటర్లూ ఆక్సిజన్ తాగుతాయి. మొదటి బ్యాచ్ లాగర్ గ్యాస్ నింపిన సీసాల్లో కూడా అనుకున్నదానికంటే ముందే వాడిపోవడానికి ఇదే కారణమై ఉండాలి. పంపు అప్పుడూ ఇదే, గ్యాస్కెట్టూ ఇదే.

ఆటోనగర్‌లో స్టీలు ఫిట్టింగుల దగ్గర 38 మిల్లీమీటర్ల ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) గ్యాస్కెట్లు పది తెచ్చి మొత్తం మార్చేశాం. సిలికాన్‌వి కూడా దొరుకుతాయి, మెత్తగా ఉండి బాగా కూర్చుంటాయి గానీ వాటి గుండా ఆక్సిజన్ ఎక్కువ చొరబడుతుంది. చల్లటి బీరు వైపు ఈపీడీఎం నయం. మిగిలిన బీరును పంపు లేకుండానే, ట్యాంకు పైనుంచి గ్యాస్ ప్రెషర్‌తో నెట్టి మార్చాం. గంట పట్టే పని రెండు గంటలైంది.

బీరు మార్చడం మొదలుపెట్టేముందే సర్వింగ్ ట్యాంకును శానిటైజర్ నీళ్లతో మూతి దాకా నింపి, ఆ నీళ్లను గ్యాస్‌తో తోసేశాం. ఖాళీ ట్యాంకులోకి ఊరికే కార్బన్ డయాక్సైడ్ వదిలితే గాలి అంతా పోదు, రెండూ కలిసిపోతాయి. నీళ్లతో నింపి తోస్తే గాలికి చోటే ఉండదు. దీనికి గ్యాస్ కూడా పెద్దగా పట్టదు, 500 లీటర్లకు రెండు కిలోల లోపే.

56వ రోజు

ఆఖరి సీసాలు. కోల్డ్ రూములో గ్యాస్ నింపి పెట్టిన మొదటి బ్యాచ్ లాగర్: హాప్స్ తగ్గాయి, కొంచెం తేనె, తాగడానికి మాత్రం అభ్యంతరం లేదు. ఊరికే పట్టినది: అట్టపెట్టె. 22 డిగ్రీల గదివి రెండూ పారబోయడానికే. స్టోరు గోధుమ బీరులో ఒక సీసా మూత తీయగానే పైకప్పు దాకా చిమ్మింది. పక్క సీసాలు మామూలుగానే ఉన్నాయి. ఒక్క సీసా పొంగితే తప్పు ఆ సీసాది, దాని మూతిది. పెట్టె మొత్తం పొంగితే అప్పుడు ట్యాంకును అనుమానించాలి.

రెండో బ్యాచ్ లాగర్ పన్నెండో రోజులో ఉంది. ట్యాపు మొదటి గ్లాసు, శాంపిల్ వాల్వు గ్లాసు పక్కపక్కన పెడితే తొమ్మిది మందిలో ముగ్గురే పట్టారు. కళ్లు మూసుకుని చెప్పినా అంతే పడుతుంది. లైను పుస్తకంలో కడిగిన తేదీ పక్కన కడిగినవాళ్ల సంతకం, వచ్చిన ద్రావణం రంగు, చివరి నీటి పీహెచ్ రాసే గడులు చేర్చారు.

గోధుమ బీరు ట్యాంకు రేపటికి ఖాళీ. అప్పుడు అందులో మిగిలేదంతా కార్బన్ డయాక్సైడే. దానిలోకి వేడి కాస్టిక్ నేరుగా కొట్టొద్దు. కాస్టిక్ ఆ గ్యాస్‌ను క్షణాల్లో మింగేసి లోపల శూన్యం చేస్తుంది, వ్యాక్యూమ్ వాల్వు మొరాయిస్తే స్టీలు ట్యాంకు డబ్బాలా నలిగిపోతుంది. ముందు ప్రెషర్ తీసి, పై మూత, అడుగు వాల్వు రెండూ తెరిచి, కనీసం అరగంట గాలి కొట్టాలి. గ్యాస్ బరువైంది, అడుగునే కూర్చుంటుంది, కాబట్టి మీటరు చూడకుండా ఎవరూ లోపలికి తల పెట్టొద్దు. కాస్టిక్ ఆ తర్వాతే.